హంసలదీవి సముద్రతీరం

హంసలదీవి, కృష్ణా జిల్లా, కోడూరు మండలానికి చెందిన గ్రామము. దీనికి సమీపమున కృష్ణానది పాయ బంగాళాఖాతములో కలియుచున్నది. ఆ చోటును సాగరసంగమం అందురు. గ్రామములో వేణుగోపాలస్వామి ఆలయము కలదు. కూచిపూడి నుండి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా వెళ్ళి ఒక్కరోజులో తిరిగి రావచ్చును.

జనసమ్మర్దము తక్కువగా ఉండే ఈ తీరములో గవ్వలు, ఆలిచిప్పలు దొరుకును. అవి శిలాజములు కావు. దివిసీమ నేల నది తెచ్చిన ఒండ్రుతో ఇటీవలి కొన్ని వేల సంవత్సరములలో ఏర్పడినది. ప్రాచీన సముద్రజీవుల శిలాజములు చూడవలెనన్న రాజమహేంద్రవరం చుట్టుపక్కల పంగిడి, కాతేరు ప్రాంతములకు వెళ్ళవలెను. అచ్చట లావా పొరల మధ్యనున్న సున్నపురాతిలో సుమారు 6.5 కోట్ల సంవత్సరముల నాటి నత్తగుల్లలు కలవు.

శీతకాలములో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు దివిసీమ తీరపు ఇసుకలో గుడ్లు పెట్టును. కావున గవ్వలను పైపైన ఏరుకొనవలెనే గాని ఇసుకను త్రవ్వరాదు.