చుట్ల లెక్క

విద్యార్థి సంఘం వారు వచ్చి సావనీరుకు ఏదైనా వ్యాసం రాయమని అడిగినప్పుడు "మోటర్లు చుట్టుకునేవాన్ని, నేను రాసేదేమున్నది నాయనా?" అన్నాను. "అదే రాయండి సార్" అన్నారు. పని గురించీ, ఈ సెల్‌ఫోను అలవాటు గురించీ, సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనే ఆలోచన గురించీ మా షాపులో రోజూ జరిగే ముచ్చట్లనే కాగితం మీద పెడుతున్నాను. గురువులు, మిత్రులు తప్పులెంచకుండా చదవగలరు.

తొర్రూరు అంటే వరంగల్లు, ఖమ్మం నడుమ రోడ్డు మీది ఊరని అందరికీ తెలుసు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మేము వరంగల్లు జిల్లా నుంచి మహబూబాబాదు జిల్లాలోకి వచ్చాము. చుట్టూ పల్లెలన్నీ బోర్ల మీదా, బాయిల మీదా బతికేవే. యాసంగిలో మోటరు కాలిందంటే రైతు ట్రాక్టరు మీదనో, ఆటోలోనో దాన్ని వేసుకొని నేరుగా మా దగ్గరికి వస్తాడు. "అన్నా, రేపటికల్లా గావాలె, పొలం నెర్రెలు వడ్తున్నది" అంటాడు. ఆ మాటలో ఎంత బరువున్నదో వ్యవసాయం ఎరిగినవారికి చెప్పనక్కర లేదు.

పైన పెట్టుకునే మామూలు మోటరుకు కాయిళ్లను అచ్చు మీద చుట్టుకొని తర్వాత గాడుల్లో దించుతాము. చుట్లు లెక్కపెట్టడానికి మీటరు కూడా ఉంటుంది. బోరులోకి దింపే సబ్‌మెర్సిబుల్ మోటరు అట్లా కాదు. ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగను ఒక గాడిలోంచి పంపి, ఇంకో గాడిలోంచి లాగి, ఒక్కొక్క చుట్టూ చేత్తోనే తిప్పాలి. పాత చుట్టు విప్పేటప్పుడు ఎన్ని చుట్లున్నాయో, తీగ ఎంత మందమో రాసి పెట్టుకుంటాము. కొత్తది సరిగ్గా అన్నే ఉండాలి. ఒక కాయిల్‌లో చుట్లు తగ్గితే మూడు ఫేజుల మీద బరువు సమంగా పడదు, మోటరు వేడెక్కుతుంది, నాలుగు రోజులకే మళ్లీ కాలుతుంది. లాగేటప్పుడు తొడుగు గీసుకుపోయినా అంతే. తప్పు బయటపడేది మాత్రం షాపులో కాదు, నూరు గజాల లోతున, బోరులో.

లెక్కపెట్టుకుంటూ చుట్టే పిల్లవాని జేబులో ఫోను 'టింగు' మంటుంది. వాడు దాన్ని తీయడు, చూడడు. కానీ మనసు ఒక్క క్షణం అటు పోయి వస్తుంది. పదిహేడా? పద్దెనిమిదా? అంతే, విప్పి మళ్లీ మొదలు. ఫోను ఎత్తి మాట్లాడితే పోయే సమయం కంటే ఆ ఒక్క చప్పుడుతో పోయేదే ఎక్కువని ఏండ్ల తరబడి చూసి చెబుతున్నాను.

ఇది మన పిల్లల క్రమశిక్షణకు సంబంధించిన సంగతి మాత్రమే అనుకుంటే పొరపాటు. దీని వెనుక చాలా బుర్ర పెట్టినవాళ్లున్నారు. అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలను పెట్టెల్లో పెట్టి పరీక్షలు చేశాడు. మీటను ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరాక ఊరుకుంటుంది. ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు పడదో తెలియకుండా చేస్తే మాత్రం వదలకుండా పొడుస్తూనే ఉంటుంది. పేకాటలో కూర్చున్నవాడు లేవలేకపోవడానికి కారణం అదే, వేలితో తెర మీదికి నెట్టుకుంటూ పోయేవాడు ఆపలేకపోవడానికీ అదే. పది వీడియోలు పనికిరానివి, పదకొండోది భలేగా ఉంటుంది. ఆ పదకొండో దాని కోసం అర్ధరాత్రి అవుతుంది. పత్రికకైతే ఆఖరి పేజీ ఉండేది, సినిమాకు 'శుభం' పడేది. దీనికి ఆ రెండూ లేవు. సమాచారం పెరిగినకొద్దీ మనిషి ధ్యాసకు కరువొస్తుందని హెర్బర్ట్ సైమన్ అనే అర్థశాస్త్రవేత్త 1971లోనే చెప్పాడు. అప్పటికి మన ఇళ్లలో రేడియో ఉంటే గొప్ప!

అట్లాగని నేను ఇంటర్నెట్‌కు శత్రువును కాను. మన దేశంలో 1995 ఆగస్టు 15న జనానికి అందుబాటులోకి వచ్చిన ఇంటర్నెట్ మా షాపు దాకా రావడానికి ఇరవై ఏండ్లు పట్టింది గానీ, వచ్చాక చేసిన మేలు తక్కువ కాదు. ఒకసారి ఎన్నడూ చూడని రకం మోటరు వచ్చింది. కాయిళ్ల కలయిక ఎవరికీ అంతుబట్టలేదు. మా షాపు పిల్లవాడు యూట్యూబులో ఎవరో హిందీలో చెప్పిన పాఠం వెతికి పట్టి, బొమ్మ గీసి చూపించాడు. నా గురువు ఆ కిటుకు నాకు చెప్పడానికి మూడేండ్లు వెట్టి చేయించుకున్నాడు! 2016లో వచ్చిన యూపీఐతో మా గల్లాపెట్టె సగం ఖాళీ అయింది, పైసలు ఫోనులోకి పోయాయి. ఖాతా పుస్తకం మాత్రం అట్లాగే ఉన్నది. పంట అమ్మినాక ఇస్తాననే మాటకు ఇంకా యాప్ రాలేదు.

ఇక పని గంటల సంగతి. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు దేశమంతా రెండు పక్షాలైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలని హద్దు పెట్టింది. ఆ హద్దు కోసం కార్మికులు చేసిన పోరాటాలను తేలిగ్గా తీసేయడం నాకు నచ్చదు. నాట్ల కాలంలో మేము రాత్రిళ్లు కూడా చుడతాము, అది నిజమే. కాని అర్ధరాత్రి రెండు దాటాక చుట్టిన మోటర్లే ఎక్కువగా తిరిగి వస్తాయని నా అనుభవం. గంటలు పెంచితే పని పెరుగుతుందనేది చేత్తో పనిచేయనివారి మాటేమో అనిపిస్తుంది. పది గంటలు ఆఫీసులో కూర్చొని నాలుగు గంటలు ఫోను చూసేవాడూ ఉన్నాడు. ఆరు గంటల్లో తలెత్తకుండా చేసి ఇంటికి పోయేవాడూ ఉన్నాడు. ఎవనికి జీతం పెరుగుతుందో మీకు తెలుసు!

ఇప్పుడు అసలు ముచ్చట. ఏ విద్యార్థిని అడిగినా స్టార్టప్ అంటున్నాడు. ఏం పెడతావురా అంటే యాప్ అంటాడు. దేనికి యాప్ అంటే, అది ఇంకా ఆలోచించలేదంటాడు. హైదరాబాదులో 2015లో టీ-హబ్ వచ్చింది, 2020లో వరంగల్లు మడికొండకు టెక్ మహీంద్రా, సైయంట్ కంపెనీలు వచ్చాయి. మంచిదే. అయితే ముందుగా కావలసింది కంప్యూటరు కాదు, ఒకరి కష్టాన్ని దగ్గరగా చూసిన కన్ను.

జనగామ దాటి హైదరాబాదు దారిలో పోతే ఆలేరు వస్తుంది. ఆ పక్కనే శారాజీపేట. అక్కడి చేనేత ఇంట్లో పుట్టిన చింతకింది మల్లేశం గారి బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. పోచంపల్లి రకం చీరకు రంగులద్దే ముందు నూలును ఒక మేకు నుంచి ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ ముందుకూ వెనక్కూ పోయాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. వాళ్లమ్మ లక్ష్మి గారికి ఆ పనితో భుజం నొప్పులు పట్టుకున్నాయి. ఆ బాధ చూడలేక 1992 ప్రాంతంలో ఆయన యంత్రం చేయడానికి కూర్చున్నాడు. అప్పులైనాయి, ఊళ్లో నవ్వారు. హైదరాబాదు పోయి కరెంటు పని చేస్తూ, మిగిలిన పైసలతో ఒక్కో భాగమూ చేయించాడు. ఆఖరి చిక్కుముడి విడిపోయింది బాలానగర్‌లో పనికి పోయినచోట ఒక యంత్రం కదలికను చూసినప్పుడు. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. గంటల తరబడి సాగే ఆసు గంటన్నరలో అయిపోసాగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమా అయింది. అవార్డుల కంటే నాకు ఆ ఏడేండ్లే ఎక్కువ ఆసక్తి. కరెంటు పనివాణ్ని కనుక కాబోలు!

కంప్యూటరు వైపు వారూ ఇదే దారిన వచ్చారు. 2005 దీపావళికి బెంగుళూరు నుంచి ఇంటికి రావడానికి ఫణీంద్ర సామ అనే మన తెలుగు యువకునికి బస్సు టికెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉన్నదో ఏ ఏజెంటుకూ పూర్తిగా తెలియదని కనిపెట్టాడు. మరుసటి ఏడు మిత్రులతో కలిసి రెడ్‌బస్ పెట్టాడు, 2013లో దాన్ని పెద్ద కంపెనీ కొన్నది. దీపావళికి బస్సు దొరకనివాళ్లు ఎంతమంది లేరు? వాళ్లంతా ఏజెంటును తిట్టి ఊరుకున్నారు.

మా షాపులో సాయంత్రాలు పనిచేసే డిగ్రీ విద్యార్థి ఒకడున్నాడు. ఫైనలియరు అయ్యాక అమీర్‌పేట పోయి కోర్సు నేర్చుకోవాలా, ఇక్కడే ఉండాలా అని వానికి రంధి. ఇంట్లో అమీర్‌పేట అంటున్నారు, ఫీజు కోసం అప్పు కూడా మాట్లాడి పెట్టారు. వాడు పోయిన యాసంగి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాడు. వచ్చిన ప్రతి మోటరుకూ ఏ ఊరు, ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద, ఎందుకు కాలింది అని రాస్తున్నాడు. ఒక ఫేజు పోయినా మోటరు తిరుగుతూనే ఉంటే మిగిలిన రెండింటి మీద బరువు పడి కాలిపోతుంది. నీళ్లు అడుగంటినా తెలియక ఉత్తగా ఆడి కాలేవి కొన్ని. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు చెప్పింది. తీయనివాళ్లు చాలామంది. కరెంటు పోయి వచ్చిన క్షణాన అన్ని మోటర్లూ ఒక్కసారే లేచేసరికి వోల్టేజీ పడిపోతుంది.

"కాలినంక సుట్టుడు గాదన్నా, నాట్లకు ముందే బాయిలకాడికి వోయి స్టార్టర్లు సూసి, ఫేజు పోతే బందయ్యే సామాను పెట్టిస్త. మోటరుకు ఇంత అని ఏడాదికి తీసుకుంట" అంటున్నాడు. వాని లెక్క ఫలిస్తే నా షాపుకు వచ్చే మోటర్లు తగ్గుతాయి. ఆ సంగతి వానికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా రైతులు కాలకముందు పైసలిస్తారా అన్నదే నా అనుమానం. కాలినాక ఇచ్చేవాడు కూడా పంట దాకా ఆగమనే ఊరు మాది. ముందు ఒక్క ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులను అడిగి చూడమన్నాను. వచ్చే ఆదివారం పోతానన్నాడు. నా పాత మోపెడ్ ఇస్తున్నాను, పెట్రోలు వాడే పోసుకోవాలి.