ఒళ్లే థర్మామీటరు!

మోకాళ్ల నొప్పులకూ నడుం నొప్పికీ ‘కరెంటు పెట్టించుకోవడం’ ఇప్పుడు పల్లెలకూ కొత్త కాదు. ఒంట్లోకి లోతుగా వెళ్లే ఆ వేడి హాయినిస్తుంది. ఏమరుపాటుగా ఉంటే కాలుస్తుంది కూడా!

గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే దారిలో, వరిచేలకూ చేపల చెరువులకూ నడుమ ఉంటుంది ముదినేపల్లి. 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. జిల్లా మారినా పనులు మారలేదు. వంగి నాట్లు వేసేవాళ్లు, గట్ల మీద మేత బస్తాలు మోసేవాళ్లు, నీళ్లలో దిగి వల లాగేవాళ్లు... యాభై దాటేసరికి చాలామందికి మోకాళ్లో నడుమో మొరాయిస్తాయి. ఒకప్పుడైతే ఉప్పుమూట కాపడం, వావిలాకు నీళ్లు. ఇప్పుడు వాటితోపాటు ఫిజియోథెరపీ.

అక్కడ పెట్టే ‘కరెంటు’ అంతా ఒకటే కాదు. కొన్ని యంత్రాలు చర్మం మీద చిమచిమలాడిస్తాయి. ఇంకొకటి ఏ చిమచిమా లేకుండానే లోపల్నుంచి వెచ్చబరుస్తుంది. అదే షార్ట్‌వేవ్ డయాథెర్మీ. గ్రీకు భాషలో ‘డయా’ అంటే గుండా, ‘థెర్మ్’ అంటే వేడి.

కాపడానికీ దీనికీ తేడా

ఉప్పుమూట వేడి చర్మం దగ్గరే ఎక్కువ. డయాథెర్మీ అలా కాదు. మోకాలికి రెండు పక్కలా రెండు ప్లేట్లు అమర్చి యంత్రాన్ని ఆన్ చేస్తారు. వాటి మధ్య విద్యుత్ క్షేత్రం సెకనుకు 2 కోట్ల 71 లక్షలసార్లు అటూఇటూ మారుతుంది. సాంకేతికంగా చెప్పాలంటే 27.12 మెగాహెర్ట్జ్. రేడియో తరంగాల జాతే. ఆ ఊపుకి ఒంట్లోని నీటి అణువులూ లవణాల అయాన్లూ కదిలి, రాపిడితో వేడి పుడుతుంది. రక్తప్రసరణ పెరుగుతుంది. పట్టేసిన కండరం సడలుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. యంత్రం మీది మీట ఎంత శక్తి పంపాలో నిర్ణయిస్తుంది. ఒంట్లో ఎంత వేడి పుట్టిందో చెప్పే సాధనం మాత్రం మామూలుగా దానికి ఉండదు. అది చెప్పాల్సింది రోగి ఒళ్లే. కణజాలం వేడి 45 డిగ్రీల సెల్సియస్ దాటితే దెబ్బతినే ప్రమాదముంది. అందుకే ‘కాస్త ఓర్చుకుంటే త్వరగా తగ్గుతుంది’ అనుకోవడం ఇక్కడ పనికిరాదు. హాయిగా, గోరువెచ్చగా ఉండాలి. చురుక్కుమంటే ఆ క్షణమే చెప్పాలి.

స్పర్శ లేకపోతే...

మరి ఒళ్లు చెప్పలేని పరిస్థితి ఉంటే? మధుమేహం ఏళ్లతరబడి ఉన్నవారిలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పు జారిపోయినా తెలియదు. అలాంటి చోట వేడి ఎక్కువైనా తెలియదు. బొబ్బ లేచాకే తెలుస్తుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్ల పైమాటే. అందుకే చికిత్సకు ముందు స్పర్శ పరీక్ష తప్పనిసరి. కళ్లు మూసుకోమని, ఒక గొట్టంలో వేడినీళ్లు, మరో గొట్టంలో చన్నీళ్లు పోసి ఆనిస్తారు. ఏది ఏదో రోగి చెప్పాలి. చెప్పలేకపోతే అక్కడ ఈ చికిత్స వద్దు.

మెట్టెలు, మొలతాడు

లోహం దగ్గర విద్యుత్ క్షేత్రం గుమిగూడుతుంది. అక్కడ వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి గాజులు, పట్టీలు, మెట్టెలు, పిన్నీసులు, వెండి మొలతాడు, రాగిరేకు తాయెత్తు, జేబులో తాళాలు, చిల్లర... అన్నీ తీసేయాల్సిందే. మెడకో భుజానికో చికిత్స అయితే పుస్తెలు తీయడానికి ఇల్లాళ్లు తటపటాయిస్తారు. ఆ కాసేపు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకోవడం మన ఇళ్లలో తెలిసిన పద్ధతే.

చెమటతోనూ జాగ్రత్త. చర్మం మీది తడి త్వరగా వేడెక్కి కాల్చేస్తుంది. కోస్తా ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు. చర్మాన్ని పొడిగా తుడిచి, పొడి తువ్వాలు వేశాకే మొదలుపెట్టాలి. మంచం, కుర్చీ చెక్కవే ఉండాలి. తీగలు ఒంటికి తగలకూడదు, ఒకదానిమీదొకటి పడకూడదు.

చెప్పకుండా దాచకండి

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ యంత్రం దగ్గరికే వెళ్లకూడదు. నరాలకూ మెదడుకూ అమర్చే స్టిమ్యులేటర్లు ఉన్నవాళ్లకు మోకాలికి పెట్టినా ప్రమాదమే. మెదడులో స్టిమ్యులేటర్ ఉన్నవారు డయాథెర్మీ తర్వాత మరణించిన ఘటనలు వెలుగుచూడటంతో, 2002లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ హెచ్చరిక చేసింది. పరికరాన్ని ఆఫ్ చేసినా ప్రమాదం తప్పదని చెప్పింది. ప్రమాదంలో ఎముక విరిగి వేసిన రాడ్డు, మార్చిన మోకీలు, కాపర్-టీ... ఇవి పైకి కనిపించవు. మనమే చెప్పాలి. గర్భిణులకు, క్యాన్సర్ కణితి ఉన్నచోట, రక్తం గడ్డకట్టినచోట, చీముపట్టినచోట ఇది పనికిరాదు.

వేడి ఒక్కటే చాలదు

ఇంకో నిజం కూడా తెలుసుకోవాలి. కీళ్ల అరుగుదలకు విద్యుత్ చికిత్సలు మేలు చేస్తాయనడానికి తగిన ఆధారాల్లేవంటూ, 2022లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ వాటిని సిఫార్సు చేయలేదు. పల్స్‌డ్ షార్ట్‌వేవ్ కూడా అందులో ఉంది. ముందు వ్యాయామం, అవసరమైతే బరువు తగ్గడం అంది. పదిరోజులు కరెంటు పెట్టించుకుని ఇంటికొచ్చి మంచమెక్కితే డబ్బు దండగ. నేర్పిన వ్యాయామాలు రోజూ చేస్తేనే మోకాలు మాట వింటుంది.

గుర్తుంచుకోండి

* చికిత్స ఇచ్చేవారు ఫిజియోథెరపీ చదివారా? అడగండి.
* చికిత్స జరిగే 15-20 నిమిషాలూ నిద్రపోకండి, సెల్‌ఫోన్ పట్టుకోకండి.
* మనిషి అందుబాటులో లేకపోతే ఒప్పుకోకండి.
* ప్లేట్లనూ తీగలనూ మీరు సర్దకండి.
* తర్వాత చర్మం చూసుకోండి. లేత ఎరుపు కాసేపటికి పోతుంది. మచ్చలు, బొబ్బలు కనిపిస్తే వెంటనే చూపించండి.

నొప్పిని ఓర్చుకోవడం మన పెద్దవాళ్లకు అలవాటే. చేలో అది పని నడిపించింది. ఈ బల్లమీద మాత్రం వద్దు. ‘వేడెక్కువైంది బాబూ’ అన్న ఒక్క మాట చాలు... ఒళ్లు కాలకుండా కాపాడటానికి!