సెకనులో వందో వంతు: చిన్న దీవులు, పెద్ద పసిడి

2009 ఆగస్టు 20 రాత్రి బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో ఏం జరిగిందని అడిగితే క్రీడాభిమానులంతా చెప్పేది ఒక్కటే: ఉసేన్ బోల్ట్ 200 మీటర్లను 19.19 సెకన్లలో పరుగెత్తాడని. మరునాడు ప్రపంచ పత్రికల నిండా అతనే. అదే రాత్రి, అదే ట్రాక్ మీద 21 ఏళ్ల కుర్రాడు ఒకడు 110 మీటర్ల హర్డిల్స్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ వార్త లోపలి పేజీల్లో ఎక్కడో సర్దుకుపోయింది. అతని పేరు రయాన్ బ్రాత్‌వైట్. దేశం బార్బడోస్.

ఆ ఇంటిపేరు మనకు క్రికెట్ వల్ల కొత్త కాదు. 2016లో కోల్‌కతాలో టీ20 ప్రపంచకప్ ఫైనల్ ఆఖరి ఓవర్లో వరసగా నాలుగు సిక్సర్లు బాదిన కార్లోస్ బ్రాత్‌వైట్‌ది కూడా బార్బడోసే. 2024 జూన్ 29న మనవాళ్లు టీ20 ప్రపంచకప్ ఎత్తిన కెన్సింగ్టన్ ఓవల్ ఉన్నది ఆ దేశ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోనే. గ్యారీ సోబర్స్, మాల్కం మార్షల్, జోయెల్ గార్నర్ పుట్టింది ఆ దీవిలోనే. దాని విస్తీర్ణం 430 చదరపు కిలోమీటర్లు. విస్తరణకు ముందు జీహెచ్‌ఎంసీ పరిధే 650 చదరపు కిలోమీటర్లని గుర్తుచేసుకుంటే ఆ దేశం ఎంతటిదో అర్థమవుతుంది. జనాభా మూడు లక్షల లోపే.

13.14, 13.15, 13.15

ఈ మూడు అంకెల్లోనే ఆ రాత్రి కథంతా ఉంది. బ్రాత్‌వైట్ 13.14 సెకన్లు. అమెరికాకు చెందిన టెరెన్స్ ట్రామెల్ 13.15, డేవిడ్ పేన్ కూడా 13.15. ముగ్గురూ దాదాపు ఒకేసారి గీత దాటారు. ఎవరు గెలిచారో కంటికి తెలిసే అవకాశమే లేదు. ఫొటో ఫినిష్‌లో చూసేది తలను, చేతిని, పాదాన్ని కాదు, మొండేన్ని. ఎవరి మొండెం ముందుగా గీతను తాకితే వాడే విజేత. ఆ వేగంలో సెకనులో వందో వంతు అంటే ఎనిమిది సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. 110 మీటర్లు పరుగెత్తి, పది హర్డిల్స్ దాటిన తర్వాత మిగిలిన తేడా అంతే.

మగవాళ్ల హర్డిల్ ఎత్తు 106.7 సెంటీమీటర్లు, అంటే మూడున్నర అడుగులు. మొదటిది 13.72 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ తర్వాత ప్రతి రెండింటి మధ్యా 9.14 మీటర్లు. ఆ ఖాళీలో సరిగ్గా మూడు అంగలే వెయ్యాలి. నాలుగో అంగ వేస్తే ఎత్తాల్సిన కాలు మారిపోతుంది, లయ చెడుతుంది, పోటీ అక్కడితో సరి. హర్డిల్‌కు తగిలి అది పడిపోయినా తప్పు కాదు, కావాలని తోస్తేనే తప్పు. అయితే తగిలిన ప్రతిసారీ కాస్త వేగం పోతుంది. అందుకే హర్డిలర్లు పైకి ఎగరరు, తల ఎత్తు పెద్దగా మారకుండా హర్డిల్‌ను రాసుకున్నట్టు దాటుకుంటూ వెళ్తారు. ఉత్తి పరుగులో మొదట వెనకబడ్డవాడు చివర్లో కోలుకోవచ్చు, బోల్ట్ చాలాసార్లు చేసింది అదే. హర్డిల్స్‌లో ఆ వెసులుబాటు తక్కువ. ఒక్క అడుగు తప్పితే దాని ఫలితం తర్వాతి హర్డిల్ దగ్గర, ఆ పై హర్డిల్ దగ్గర కనిపిస్తూనే ఉంటుంది.

బెర్లిన్‌లో బ్రాత్‌వైట్‌కు అదృష్టం కలిసొచ్చిందనే మాట అప్పట్లో వినిపించింది. ప్రపంచ రికార్డు (12.87) వీరుడు, బీజింగ్ ఒలింపిక్ విజేత, క్యూబాకు చెందిన డేరన్ రోబ్లెస్ సెమీస్‌లో గాయంతో ఆగిపోయాడు. 2007 చాంపియన్ లియు షియాంగ్ గాయంతో అసలు రానేలేదు. నిజమే. కానీ ఫైనల్లో మిగిలినవాళ్లు సామాన్యులా? పేన్ బీజింగ్ ఒలింపిక్ రజత విజేత. ట్రామెల్ సంగతి మరీ విచిత్రం: 2000, 2004 ఒలింపిక్స్‌లో రజతం, 2003, 2007 ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో రజతం. ఐదోసారి బెర్లిన్‌లోనూ రజతమే, అదీ వెంట్రుకవాసి తేడాతో. ఇండోర్‌లో రెండుసార్లు ప్రపంచ విజేత అయిన అంతటివాడికి ఆరుబయట ఒలింపిక్స్‌లోగానీ ప్రపంచ పోటీల్లోగానీ స్వర్ణం దక్కనేలేదు. అలాంటి ఇద్దరి మధ్య నిలిచి గెలవడాన్ని అదృష్టం ఖాతాలో వెయ్యడం అన్యాయం.

ఎక్కడ నేర్చాడు?

బ్రిడ్జ్‌టౌన్‌లో 1988 జూన్ 6న పుట్టాడు రయాన్. 2005లో మొరాకోలోని మరాకెష్‌లో జరిగిన ప్రపంచ యూత్ చాంపియన్‌షిప్‌లో రజతం గెలిచాడు. తర్వాత కరీబియన్ క్రీడాకారులు చాలామంది పట్టిన దారే పట్టి అమెరికా వెళ్లాడు. చేరింది పేరుమోసిన విశ్వవిద్యాలయంలో కాదు. కాన్సాస్ రాష్ట్రంలోని బార్టన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో. సముద్రం మధ్య పెరిగిన పిల్లవాడు, కనుచూపు మేరలో సముద్రమన్నదే లేని గోధుమ పొలాల నడుమ హర్డిల్స్ సాధన చేశాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో సెమీస్ దాకా వెళ్లాడు. మరుసటి ఏడాదే ప్రపంచ విజేత.

బార్బడోస్‌కు ఆరుబయట జరిగే ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో అదే తొలి పతకం. తొలి పతకమే పసిడి. తర్వాత సాడా విలియమ్స్ 400 మీటర్లలో 2022లో, 2023లో కాంస్యాలు తెచ్చింది గానీ స్వర్ణం మాత్రం ఇప్పటికీ రయాన్‌దొక్కటే. ఒలింపిక్స్‌లో ఆ దేశం 1966లో స్వతంత్రమయ్యాక గెలిచింది ఒకే ఒక్క పతకం, 2000 సిడ్నీలో 100 మీటర్లలో ఒబడేల్ థాంప్సన్ కాంస్యం. రెండోది రయాన్ తెస్తాడని 2012 లండన్‌లో ఆశపడ్డారు. 13.40 సెకన్లతో ఐదో స్థానం దక్కింది. నాలుగో స్థానంలో ఉన్న లారెన్స్ క్లార్క్ టైమింగ్ 13.39. ఒకప్పుడు పసిడినిచ్చిన వందో వంతే ఈసారి ఒక స్థానాన్ని లాక్కుపోయింది.

మూడు రోజులు, నాలుగు ఫైనల్స్

బెర్లిన్‌లో ఇంకో విశేషం ఉంది. ఆ ఏడాది ఆగస్టు 18 నుంచి 20 వరకు హర్డిల్స్‌లో నాలుగు ఫైనల్స్ జరిగితే మూడింటిని కరీబియన్ దీవుల వాళ్లే గెలిచారు. మహిళల 100 మీటర్ల హర్డిల్స్ జమైకాకు చెందిన బ్రిజిట్ ఫోస్టర్-హిల్టన్‌ది, 12.51 సెకన్లు, వయసు 34. మహిళల 400 మీటర్ల హర్డిల్స్ జమైకాకే చెందిన మెలైన్ వాకర్‌ది, 52.42 సెకన్లు. మూడోది రయాన్‌ది. నాలుగోది, మగవాళ్ల 400 మీటర్ల హర్డిల్స్, అమెరికా జెర్సీ వేసుకున్న కెరోన్ క్లెమెంట్ గెలిచాడు. అతను పుట్టింది ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో!

వాకర్ గెలిచాక నడిచిన తతంగం ఇంకా వింత. ఆ పోటీల మస్కట్ బెర్లినో అనే ఎలుగుబంటి. ఆ వేషంలో ఉన్నాయన ఆమెను భుజాల మీదికి ఎత్తుకుని ట్రాక్ మీద పరుగందుకున్నాడు. ఎదురుగా హర్డిల్స్ పేర్చి ఉన్న బండిని చూసుకోలేదు. వెళ్లి దాన్నే గుద్దుకున్నాడు. అంతకుముందే పది హర్డిల్స్‌ను చక్కగా దాటివచ్చిన చాంపియన్ హర్డిల్స్ కుప్ప దగ్గరే కింద పడింది. దెబ్బలేమీ తగల్లేదు, నవ్వుకుంటూ లేచింది.

అక్కడే 17 ఏళ్ల ట్రినిడాడ్ కుర్రాడు జెహ్యూ గోర్డన్ 400 మీటర్ల హర్డిల్స్‌లో 48.26తో నాలుగో స్థానంలో నిలిచాడు. నాలుగేళ్ల తర్వాత, 2013 ఆగస్టులో మాస్కోలో, అదే పోటీ ఫైనల్ చివరి అంగలో అమెరికాకు చెందిన మైకేల్ టిన్స్‌లీతో పాటే గీత మీదికి వాలి నేలమీద పడ్డాడు. గోర్డన్ 47.69, టిన్స్‌లీ 47.70. మళ్లీ వందో వంతే! ట్రినిడాడ్ అండ్ టొబాగోకు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 1997లో అటో బోల్డన్ తర్వాత వచ్చిన రెండో స్వర్ణం అది. గోర్డన్ అమెరికా వెళ్లకుండా సొంతగడ్డ మీదే చదువుకుంటూ, అక్కడే సాధన చేసి గెలవడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

పదహారేళ్ల రికార్డు, ఐదు రోజుల ముచ్చట

నాలుగు లక్షల జనాభా ఉన్న బహామాస్‌కు చెందిన డెవిన్ చార్ల్టన్ ఇండోర్ 60 మీటర్ల హర్డిల్స్‌లో చేసింది చూడండి. 2008 ఫిబ్రవరి 10న స్వీడన్‌కు చెందిన సుసానా కాలూర్ నెలకొల్పిన 7.68 సెకన్ల ప్రపంచ రికార్డును 2024 ఫిబ్రవరి 11న న్యూయార్క్‌లో 7.67తో చెరిపేసింది. పదహారేళ్లు దాటి ఒక్క రోజు. తేడా, షరా మామూలే, వందో వంతు. ఐదు రోజులకే అమెరికా యువతి టియా జోన్స్ ఆ 7.67ను సమం చేసింది. చార్ల్టన్ ఊరుకోలేదు. మార్చి 3న గ్లాస్గో ప్రపంచ ఇండోర్ ఫైనల్లో 7.65తో స్వర్ణమూ రికార్డూ రెండూ పట్టేసింది. 2025లో నాన్జింగ్‌లో 7.72తో టైటిల్ నిలబెట్టుకుంది, రెండో స్థానంలో ఉన్న అమ్మాయిది 7.73. పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆమెకు ఆరో స్థానం దక్కింది. 12.78 సెకన్ల భారత రికార్డు మన విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతిదే. ఆ విభాగంలో ఒలింపిక్స్‌లో పరుగెత్తిన తొలి భారతీయురాలిగా ఆమె నిలిచింది కూడా ఆ పారిస్‌లోనే.

ఇంకా చిన్నచోటు కావాలంటే బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ ఉంది. స్వతంత్ర దేశం కాదు, బ్రిటన్ ఏలుబడిలోని దీవులు, జనాభా ముప్ఫై వేల పైచిలుకు. అక్కడి కైరన్ మెక్‌మాస్టర్ 2017 ఆగస్టులో జ్యూరిక్‌లో 400 మీటర్ల హర్డిల్స్ డైమండ్ లీగ్ ట్రోఫీ గెలిచాడు. రెండు వారాలు తిరక్కముందే ఇర్మా తుపాను ఆ దీవులను ఊడ్చేసింది. అతని కోచ్‌ను పొట్టనపెట్టుకుంది. మెక్‌మాస్టర్ పరుగు ఆపలేదు. 2018 కామన్వెల్త్ స్వర్ణం, 2023 బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 47.34తో రజతం. ఆ దీవులకు ఆ వేదికపై అదే మొదటి పతకం.

ఇంత చిన్న దీవుల నుంచి ఇందరెలా వస్తున్నారని చాలామంది గాలిని, నెత్తుటిని, తిండిని కారణాలుగా చెబుతుంటారు. నా లెక్కలో అసలు కారణం బడి మైదానం. జమైకాలో బడిపిల్లల అథ్లెటిక్ పోటీలు 1910 నుంచి నడుస్తున్నాయి. అన్ని దీవుల పిల్లలనూ ఒకచోట చేర్చే కారిఫ్టా క్రీడలను 1972లో బార్బడోస్‌కు చెందిన ఆస్టిన్ సీలీ మొదలుపెట్టించారు. మొదటి పోటీలు జరిగిందీ బ్రిడ్జ్‌టౌన్‌లోనే. అప్పటినుంచి ఆ దీవుల పిల్లలకు పదిహేనేళ్లు నిండేలోపే పొరుగు దేశాల మేటి పిల్లలతో తలపడే అవకాశం దొరుకుతోంది. హర్డిల్స్‌కు అంగల లెక్క ఆ వయసులోనే కుదరాలి.

రయాన్ బ్రాత్‌వైట్ దగ్గర ఇంకా చెక్కుచెదరని రికార్డు ఒకటి ఉంది. 110 మీటర్ల హర్డిల్స్‌లో ప్రపంచ చాంపియన్లు అయినవాళ్లందరిలో అతి పిన్న వయస్కుడు అతనే. 2019 దోహాలో గెలిచిన గ్రాంట్ హాలోవే వయసు కూడా 21 ఏళ్లే, కాకపోతే 21 నిండి పది నెలలు దాటాయి. బెర్లిన్‌లో రయాన్‌కు 21 ఏళ్లు నిండి రెండున్నర నెలలే. 2025 టోక్యో పోటీలు ముగిసినా ఆ రికార్డు అతని పేరు మీదే ఉంది.