శూన్యత అంటే ‘ఏమీ లేదు’ అని కాదు

మొన్న రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఉద్యోగ పరీక్షలో మూడోసారి కూడా లిస్టులో పేరు రాలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అన్నా, నేనొక ఫెయిల్యూర్‌ని. బౌద్ధంలో అంతా శూన్యం అంటారని నువ్వే చెప్పావు కదా. అంతా శూన్యమే అయితే ఇంక చదవడం ఎందుకు?” అన్నాడు. ఆ రాత్రి వాడికి చెప్పినవీ, చెప్పలేకపోయినవీ కలిపి ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు ఆ మాట దగ్గరే చిక్కుంది. తెలుగులో శూన్యం అనగానే మనకి సున్నా, ఏమీ లేకపోవడం గుర్తొస్తాయి. కానీ ఒకటి చూడండి. బిందె ఖాళీ అంటే బిందె లేదని కాదు కదా, అందులో నీళ్ళు లేవని. అలాగే వస్తువులు శూన్యం అంటే వస్తువులు లేవని కాదు, వాటిలో ‘స్వభావం’ లేదని. ఇక్కడ స్వభావం అంటే మనం మామూలుగా అనుకునే గుణం కాదు. దేని మీదా ఆధారపడకుండా, తనంతట తానుగా, ఎప్పటికీ మారకుండా ఉండే సారం. అలాంటిది ఎక్కడా దొరకదు అనేదే శూన్యత.

ఉదాహరణకి 500 నోటు తీసుకోండి. 2016 నవంబర్ 8 రాత్రి గుర్తుందా? అప్పటికి మీరు చిన్నపిల్లలైతే ఇంట్లో అడగండి. సాయంత్రం బియ్యం కొనిపెట్టిన పాత 500 నోటు అర్ధరాత్రి దాటేసరికి మామూలు చెలామణిలోంచి పోయింది. కాగితం మారలేదు, రంగు మారలేదు. మరి విలువ ఎక్కడికి పోయింది? అసలు అది కాగితం లోపల ఎప్పుడూ లేదు. ప్రభుత్వ నిర్ణయం, బ్యాంకు, కొట్టువాడి నమ్మకం, మన నమ్మకం, ఇవన్నీ కలిస్తేనే ఆ విలువ. అలాగని అది అబద్ధమా? కాదు, ఆ సాయంత్రం నిజంగానే అన్నం పెట్టింది. పని చేస్తుంది, కానీ సొంతంగా నిలబడదు. ఈ రెండూ ఒకేసారి నిజం.

ఈ విషయాన్ని అందరికంటే పదునుగా చెప్పినవాడు ఆచార్య నాగార్జునుడు. సుమారు 2వ శతాబ్దం వాడని పండితుల అంచనా. మన కృష్ణా తీరంలోని నాగార్జునకొండకి ఆయన పేరే ఉంది, ఆ ప్రాంతంతో ఆయనకి సంబంధం ఉందని సంప్రదాయం చెబుతుంది. ఆయన రాసిన మూలమధ్యమకకారికల్లో 27 ప్రకరణాలున్నాయి. 24వ ప్రకరణం మొదలయ్యేదే మా తమ్ముడు అడిగినలాంటి ప్రశ్నతో. అంతా శూన్యమైతే బుద్ధుడు చెప్పిన దుఃఖం, దాని నివారణ, సాధన, అన్నీ వ్యర్థమే కదా అని ఎదుటివాడు నిలదీస్తాడు. నాగార్జునుడి జవాబు సారం ఏమిటంటే, నువ్వు తిరగేసి అర్థం చేసుకున్నావు, శూన్యం కాబట్టే ఏదైనా సాధ్యం. దేనికైనా మారని సారం ఉంటే అది ఇక ఎప్పటికీ మారదు. దుఃఖానికి అలాంటి సారం ఉంటే అది ఎప్పటికీ పోదు. కారణాల వల్ల వచ్చింది కాబట్టే, కారణాలు మారితే పోతుంది.

ఇప్పుడు ‘ఫెయిల్యూర్’ అనే మాటని పట్టుకుందాం. లిస్టులో పేరు లేదు, అది నిజమే, దాన్ని కాదనక్కర్లేదు. కానీ అది ఎలా వచ్చింది? పోస్టులు ఎన్ని, ఎంతమంది రాశారు, పేపర్ ఎలా వచ్చింది, వాడి ప్రిపరేషన్ ఎంత, పరీక్ష వారంలో వాడికొచ్చిన జ్వరం. కటాఫ్ కొంచెం తగ్గి ఉంటే అవే మార్కులకి వాడిని ఊళ్ళో అందరూ మెచ్చుకునేవాళ్ళు. మరి ఫెయిల్యూర్ అనేది వాడి లోపల ఎక్కడుంది? నోట్లో విలువ ఎంత ఉందో అంతే. రేపు ఉద్యోగం వచ్చినా ‘టాపర్’ అనే ముద్రకి కూడా ఇదే లెక్క. అందుకే ఓడినప్పుడు కుంగిపోనక్కర్లేదు, గెలిచినప్పుడు ఎగరనక్కర్లేదు. ఇంకో విషయం, ఆ కారణాల్లో వాడి చదువు కూడా ఒకటి. అన్నీ వాడి చేతిలో లేవు, కానీ అదొకటి ఉంది. కాబట్టి చదవడం ఎందుకు అన్నదానికి జవాబు శూన్యతలోనే ఉంది.

దీన్ని రోజూ వాడుకోవడానికి ఒక చిన్న పద్ధతి. ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టారు, టిక్కులు నీలంగా మారాయి, రిప్లై లేదు. వెంటనే “వాడికి పొగరు” అని ముద్ర వేసేస్తాం. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ నిజంగా జరిగిందేమిటి? నేను దానికి పెట్టిన పేరేమిటి? నాకు తెలియని కారణాలు ఏమై ఉండొచ్చు? అలాగని తప్పు చేసినవాణ్ణి వదిలేయమని కాదు. డబ్బు ఎగ్గొట్టినవాణ్ణి అడగాల్సిందే. మనిషంతా అంతే అని ముద్ర వేయకుండా, చేసిన పనిని పట్టుకుని అడగండి.

ఒక హెచ్చరిక కూడా. శూన్యతని తప్పుగా పట్టుకుంటే, పామును తప్పుగా పట్టుకున్నట్టే కాటు వేస్తుందని నాగార్జునుడే చెప్పాడు. ఆ రాత్రి నేను చేసింది అదే. వాడు బాధలో ఉంటే “అంతా మన ఆలోచనేరా” అని మొదలుపెట్టాను. వాడు మౌనమైపోయాడు. అప్పుడు తప్పు తెలిసి, “తిన్నావా?” అని అడిగాను. తినలేదు. తిన్నాకే మాట్లాడుకున్నాం. బాధకి సారం లేదు, కానీ బాధ ఉంది. నోటు లాగే అదీ పని చేస్తుంది. ఎదుటివాళ్ళ బాధని కొట్టిపారేయడానికి ఈ మాట వాడకండి. మీకే బతకడం భారంగా అనిపిస్తుంటే ఒంటరిగా ఆలోచిస్తూ కూర్చోకండి. దగ్గరివాళ్ళకి చెప్పండి, లేదా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి.

మా వాడు మళ్ళీ రాస్తాడో, వేరే పని చూసుకుంటాడో ఇంకా తేల్చుకోలేదు. ఏదైనా పర్లేదు. “నేను ఫెయిల్యూర్‌ని” అనడం మాత్రం మానేసి, “ఈసారి రాలేదు” అంటున్నాడు. ఈ వారం మీరు కూడా మీకు మీరే వేసుకున్న ఒక ముద్రని తీసుకుని, దాని వెనక కారణాలు కాగితం మీద రాసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.