సూర్యుడి ఇంట్లో వెండి మొక్క

తెల్లవారుజామున మూడు గంటలు. హవాయి దీవుల్లోని మావీ తీరంలో వాతావరణం వెచ్చగానే ఉంటుంది. అయినా కార్లెక్కేవాళ్లంతా స్వెటర్లూ దుప్పట్లూ సర్దుకుంటారు. వాళ్లు వెళ్లేది పదివేల అడుగుల ఎత్తున ఉన్న హలేకలా శిఖరానికి... సూర్యోదయం చూడటానికి!

హలేకలా అంటే స్థానిక భాషలో 'సూర్యుడి ఇల్లు'. పూర్వం సూర్యుడు ఆకాశాన్ని గబగబా దాటేసేవాడట. హీనా అనే తల్లి చెట్టు బెరడుతో చేసిన బట్టలు ఆరకముందే పొద్దుగూకేదట. అది చూసి కొడుకు మావీ కొండెక్కి, సూర్యుణ్ని తాళ్లతో బంధించి, నెమ్మదిగా నడుస్తానని మాటిచ్చాకే వదిలాడని అక్కడివాళ్లు చెప్పుకునే కథ.

శిఖరం ఎత్తు 3,055 మీటర్లు. తీరం నుంచి అరవై కిలోమీటర్లు ప్రయాణిస్తే చాలు, అక్కడికి చేరుకోవచ్చు. పైన ఎముకలు కొరికే చలి. కాళ్ల కింద మబ్బులు. వాటిని చీల్చుకుంటూ సూర్యుడు పైకి రాగానే ఎరుపూ నలుపూ బూడిదరంగుల్లో పెద్ద పల్లం కనిపిస్తుంది. అగ్నిపర్వత బిలంలా ఉన్నా, నిజానికి అది వాననీటి కోతకు లోయలు కలిసిపోయి ఏర్పడింది.

ఒక్కసారే పూత!

సూర్యోదయం అయిపోగానే చాలామంది వెనుదిరుగుతారు. అసలు వింత కనిపించేది ఆ తర్వాతే. రాళ్ల మధ్య వెండి బంతుల్లా మెరిసే మొక్క... అహినాహినా. ఈ రకం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. ఆకులమీది తెల్లని నూగే దాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. కొన్ని మొక్కలు తొంభై ఏళ్ల దాకా బతుకుతాయి. మన అరటి ఒక్కసారే గెల వేసినట్టు, ఇదీ జీవితంలో ఒక్కసారే వందల పూలు పూసి చనిపోతుంది. అరటిలా పిలకలకు భరోసా లేదు, విత్తనాలే ఆధారం. అవి ఏర్పడాలంటే పక్కన మరో మొక్క కూడా అదే సమయంలో పూయాలి.

ఒకప్పుడు కొండెక్కినందుకు గుర్తుగా సందర్శకులు వీటిని పీక్కెళ్లేవారు. మిగిలినవాటిని మేకలూ పశువులూ మేసేవి. 1920ల నాటికి దాదాపు అంతరించాయి. పీకడాన్ని నిషేధించి, కంచెలు వేశాక తేరుకున్నా, 1990ల నుంచి వాతావరణ మార్పులతో మళ్లీ తగ్గుతున్నాయి.

2017 నుంచి ఉదయం మూడు నుంచి ఏడు గంటల మధ్య వాహనాలకు ముందస్తు బుకింగ్ తప్పనిసరి. వెండి మొక్కను చూడాలంటే ఆ తర్వాత వెళ్లినా సరిపోతుంది. దాని వేర్లు పైపైనే ఉంటాయి, దగ్గరగా అడుగేస్తే నలిగిపోతాయి. ఫొటో కోసమైనా బాట దిగొద్దనేది అందుకే!