హార్మోను లూపు వేయించుకున్నాక మరకలు ఎందుకు కనిపిస్తాయి?

"సిస్టర్, బ్లీడింగ్ తగ్గుతుందని లూపు వేశారు. ఇప్పుడు నెలంతా చుక్కలు పడుతూనే ఉన్నాయి. తీసేయండి." స్త్రీల ఓ.పి.లో ఈ మాట మేము తరచు వింటుంటాము. ఇలా అడిగేవారిలో చాలామందికి లూపు వేసి రెండు నెలలు కూడా అయి ఉండదు. తీసేయమని అడిగే హక్కు వారికి ఎప్పుడూ ఉంది, మేము కాదనము. అయితే లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకుని నిర్ణయించుకుంటే మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. తొందరపడి తీయించుకున్నవారిలో కొందరికి మళ్లీ అధిక రక్తస్రావం మొదలై, నలభై ఏళ్లు నిండకుండానే గర్భసంచి తీసే ఆపరేషను దాకా వెళ్తున్నారు. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపింది. 2019-21 సర్వేలోనూ అదే పరిస్థితి.

లూపు అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది కాపర్-టి. అందులో రాగి తీగ ఉంటుంది, హార్మోను ఉండదు. దానితో కొందరికి నెలసరి కొంచెం ఎక్కువ కావచ్చు. మేము ఇక్కడ చెప్పేది వేరే రకం. చూడటానికి అదీ "టి" ఆకారంలోనే ఉంటుంది గాని, దాని కాడలో 52 మిల్లీగ్రాముల లెవోనోర్జెస్ట్రెల్ అనే హార్మోను ఉంటుంది. మొదట్లో రోజుకు సుమారు 20 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో యాభయ్యో వంతు, గర్భసంచి లోపలే విడుదలవుతుంది. మిరీనా అనే పేరుతో ఇది 1990లో మొదట ఫిన్లాండు దేశంలో వాడుకలోకి వచ్చింది. గర్భం రాకుండా ఉండటానికే కాక, అధిక రక్తస్రావానికి చికిత్సగా కూడా దీనిని వేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. గర్భసంచి లోపలి గోడకు ఒక మెత్తని పొర ఉంటుంది. ప్రతి నెలా ఈస్ట్రోజన్ ఆ పొరను పెంచుతుంది. అండం విడుదలైన తరువాత ప్రొజెస్టిరాన్ దానిని బిడ్డ కోసం సిద్ధం చేస్తుంది. పొర పెరుగుతున్నకొద్దీ దానిలోని రక్తనాళాలు కూడా స్ప్రింగులాగా మెలికలు తిరుగుతూ పైకి ఎదుగుతాయి. గర్భం రాకపోతే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. అప్పుడు ఈ మెలికల నాళాలు బిగుసుకుపోయి, పై పొరకు రక్తం అందక అది రాలిపోతుంది. అదే నెలసరి. ఈ సంగతిని కళ్లారా చూసినవాడు మార్కీ అనే అమెరికా శాస్త్రవేత్త. ఆడకోతి గర్భసంచి పొర ముక్కను దాని కంటి ముందుభాగంలోనే అమర్చి, పారదర్శకంగా ఉండే నల్లగుడ్డు పొరలో నుండి ఆ నాళాలు మెలికలు తిరగడం, బిగుసుకోవడం గమనించి 1940లో ప్రకటించాడు. వినడానికి వింతగా ఉన్నా, నెలసరి గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం అక్కడినుండి వచ్చినదే.

హార్మోను లూపు వేసినప్పుడు ఆ పొర మీద ప్రొజెస్టిరాన్ వంటి మందు రోజూ పడుతూనే ఉంటుంది. ఇక ఈస్ట్రోజన్ ఎంత చెప్పినా పొర పెరగదు. గ్రంథులు ముడుచుకుంటాయి, పొర పలుచనవుతుంది, మెలికల నాళాలు ఎదగవు. కాని ఈ మార్పు ఒక్క రోజులో జరిగేది కాదు. ఈ మధ్య కాలంలో పొర పైభాగంలో వెడల్పుగా, పలుచని గోడలతో చిన్న చిన్న నాళాలు ఏర్పడతాయి. మామూలు రక్తనాళాన్ని చుట్టూ ఉన్న కణాలు ఆనుకుని పట్టుకుంటాయి. వీటికి ఆ ఆధారం తక్కువ. అందుకే అక్కడక్కడ చిట్లుతాయి. ఎండాకాలంలో పిల్లలకు ముక్కు నుండి రక్తం కారడం చూస్తాము గదా, అక్కడ కూడా పైపైన ఉన్న సన్నని నాళాలు చిట్లడమే. ఒకచోట మానేలోపు ఇంకొకచోట చిట్లుతుంది గనుక చుక్కలు ఎప్పుడు పడతాయో, ఎప్పుడు ఆగుతాయో చెప్పలేము. మొత్తం రక్తం కొంచెమే, విసుగు మాత్రం ఎక్కువ. ఆదివారం తెల్లచీర కట్టుకోవడానికి భయపడి గుడికి రావడం మానేసినవారు కూడా మాకు తెలుసు.

చాలామందిలో ఇది మూడు నుండి ఆరు నెలలలో సర్దుకుంటుంది. తరువాత, అధిక రక్తస్రావం కోసం వేయించుకున్నవారిలో కూడా ఏడాదిలోపు రక్తం పదింట తొమ్మిది వంతుల వరకు తగ్గుతుంది. సుమారు అయిదుగురిలో ఒకరికి ఏడాది నాటికి నెలసరి పూర్తిగా ఆగుతుంది. అప్పుడు అత్తగారి నుండి వచ్చే ప్రశ్న, "చెడు రక్తం లోపలే ఉండిపోదా?" అని. ఉండదమ్మా. పొరే పెరగనప్పుడు రాలేదేమీ లేదు, నిలవ ఉండేదీ లేదు. ఎక్కువమందిలో అండాశయాలు ఎప్పటిలాగే పనిచేస్తుంటాయి, ఇది ముట్లుడగడం కాదు. లూపు తీసిన తరువాత నెలసరి, గర్భం వచ్చే అవకాశం రెండూ తిరిగి వస్తాయి.

కొందరికి ఆరు నెలలు దాటినా మరకలు ఆగవు. వారు ఓర్చుకోవలసిన అవసరం లేదు, వచ్చి డాక్టరుగారిని కలవాలి. అంతవరకు ఒక కేలండరు మీద మరక పడిన రోజులు గుర్తు పెట్టుకుంటే మాకు చాలా సహాయం. మెడికల్ షాపుకు వెళ్లి "రక్తం ఆగే మాత్రలు" అడిగి కొనుక్కోవద్దు. మెఫెనమిక్ ఆసిడ్, ట్రానెక్సమిక్ ఆసిడ్ వంటివి కొందరికి పనిచేస్తాయి గాని, అవి అందరికీ సరిపడవు. పూర్వం బాగా రక్తం పోయినవారు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోవాలి. 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనతే.

అయితే అన్నింటినీ "మొదట్లో ఇంతేలే" అని వదిలేయకూడదు. గంటకొక ప్యాడు తడిసేంత రక్తం పోయినా, జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట ఉన్నా వెంటనే రావాలి. ముఖ్యంగా వేసిన మొదటి మూడు వారాలలో ఇన్ఫెక్షను వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. దారం చేతికి తగలకపోయినా, వాంతులు, రొమ్ముల బరువు వంటి గర్భం లక్షణాలు కనిపించినా ఆలస్యం చేయవద్దు. లూపు ఉండగా గర్భం రావడం చాలా అరుదు, వస్తే మాత్రం ట్యూబులో ఉండవచ్చు. చాలా నెలలు ప్రశాంతంగా ఉండి హఠాత్తుగా రక్తం మొదలైనా, కలయిక తరువాత రక్తం కనిపించినా, దానిని లూపు మీదికి తోసేయకుండా పరీక్ష చేయించుకోవాలి. కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారికి, రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి మేము అసలు ఈ లూపు వేయము.

వేసిన నాలుగు నుండి ఆరు వారాల మధ్య ఒకసారి దారం చూపించుకోవడానికి రండి. ఆ రోజు భర్తనైనా, అత్తగారినైనా వెంట తీసుకువస్తే, వారి సందేహాలకు కూడా మేమే జవాబు చెబుతాము.