దిద్దుకునే గీత

ఫిల్ము రీళ్ల కాలంలో ఎడిటర్లు ఎక్కడ కత్తిరించాలో గుర్తు పెట్టుకోవడానికి మైనపు పెన్సిల్ వాడేవారు. నున్నటి ఫిల్ము మీద కూడా రాస్తుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. గ్రీజ్ పెన్సిల్ అని దాని పేరు. 2008లో బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ 2.48 వెర్షన్‌లో అదే పేరుతో ఒక చిన్న పనిముట్టు చేరింది. దాన్ని తయారుచేసినవాడు న్యూజిలాండ్ ప్రోగ్రామర్ జాషువా లియంగ్. పని కూడా పాత పెన్సిల్‌దే: త్రీడీ బొమ్మ మీద "ఈ చెయ్యి ఇంకాస్త పైకి" అని గీసి చూపించడం, పనయ్యాక తీసేయడం. ఇతరుల పని దిద్దడానికి వచ్చిన ఆ గీతలే పదేళ్లు తిరిగేసరికి సినిమాలయ్యాయి.

కంప్యూటర్‌లో గీత గీయడం ఏమంత కష్టం కాదు. గీసినదాన్ని మార్చడం దగ్గరే వస్తుంది చిక్కు. మామూలు పెయింట్ ప్రోగ్రాములో కుంచె కదిలినంత మేరా పిక్సెళ్లకు రంగు పడుతుంది, అంతటితో సరి. 1920 అడ్డం, 1080 నిలువు ఉన్న చిత్రంలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. వాటిలో ఏవి కనుబొమ్మవో, ఏవి జుట్టువో ప్రోగ్రాముకు తెలియదు. కనుబొమ్మ పైకి జరపాలంటే చెరిపి గీయాలి, లేదా కత్తిరించి అతికించాలి. ఒక్క బొమ్మయితే ఓర్చుకోవచ్చు. యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 12 బొమ్మలు. డైరెక్టరుకు ఆ కనుబొమ్మ నచ్చలేదంటే సెకనుకు పన్నెండు దిద్దుబాట్లు.

గీతను దిద్దుకోవాలన్న ఆలోచన బ్లెండర్‌తో పుట్టింది కాదు. 1963లోనే ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము చూపించాడు. అందులో లైట్ పెన్‌తో గీత కొసను పట్టి లాగితే గీత వెంట వచ్చేది. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్‌గా పుట్టి, తర్వాత ఫ్లాష్‌గా పేరుపడిన సాఫ్ట్‌వేర్ ఆ వెసులుబాటును ఇంటింటికీ తెచ్చింది. కానీ ఫ్లాష్‌లో బ్రష్‌తో గీసిన గీత నిజానికి గీత కాదు, రెండు అంచులున్న సన్నటి ఆకారం. దాని లావు తగ్గించాలంటే అటూ ఇటూ అంచులను విడివిడిగా లోపలికి జరపాల్సి వచ్చేది.

గ్రీజ్ పెన్సిల్ దారి వేరు. చుక్కల ముగ్గులో ముందు చుక్కలు పెట్టి తర్వాత గీత కలుపుతాం. ఇక్కడ చెయ్యి ముందు గీత లాగుతుంది, ఆ దారి పొడుగునా చుక్కలు ప్రోగ్రామే పెట్టుకుంటుంది. ఒక్కో చుక్క ఎక్కడుందో, అక్కడ గీత ఎంత లావో, ఎంత చిక్కనో, రంగేమిటో రాసిపెట్టుకుంటుంది. టాబ్లెట్ పెన్ను గట్టిగా నొక్కితే లావు అంకె పెరుగుతుంది. తెర మీద మనం చూసే గీత ఈ అంకెల నుంచి ఎప్పటికప్పుడు తయారవుతున్నదే. అంకె మారిస్తే గీత మారుతుంది.

ముంజేతి గీత ఒకటి తీసుకుందాం. మోచేతి దగ్గర మీ చెయ్యి వణికి చిన్న గుంత పడింది. గీతలను మలిచే స్కల్ప్ట్ మోడ్‌లో స్మూత్ బ్రష్ పట్టుకుని అక్కడ రుద్దితే ప్రతి చుక్కా తన ఇరుగుపొరుగు చుక్కల సగటు వైపు కాస్త జరుగుతుంది, గుంత పూడిపోతుంది. అక్కడ ఆపాలి. ఇంకా రుద్దుతూ పోతే మోచేయి కూడా పోయి, ఎముక లేని చెయ్యి మిగులుతుంది. కొత్తవాళ్ల బొమ్మలు చప్పబడేది ఎక్కువగా ఈ బ్రష్ వల్లేనని నా అభిప్రాయం. థిక్‌నెస్ బ్రష్ లావును మాత్రమే ముట్టుకుంటుంది, గీత దారి కదలదు. రబ్బరుతో మధ్యలో చెరిపితే అక్కడి చుక్కలు పోయి ఒక గీత రెండు గీతలవుతుంది. తర్వాత రంగు నింపబోతే ఆ సందులోంచి బయటికి పారుతుంది. ఈ బాధ పడని యానిమేటర్ ఉండడు.

అసలు సుఖం మల్టీఫ్రేమ్ ఎడిటింగ్‌లో ఉంది. పన్నెండు బొమ్మల్లో కనుబొమ్మలను ఎంచుకుని ఒక్కసారి జరిపితే పన్నెండూ జరుగుతాయి. మనం గీసిన రెండు కీలక బొమ్మల (కీఫ్రేముల) నడుమ బొమ్మలను ప్రోగ్రామే అల్లే సదుపాయం కూడా ఉంది, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. అది గీతలను గీసిన వరసను బట్టి జత కలుపుతుంది. మొదటి బొమ్మలో ముక్కు ముందు గీసి, రెండో బొమ్మలో కన్ను ముందు గీశారనుకోండి, మధ్య ఫ్రేముల్లో ముక్కు మెల్లగా కన్నుగా మారుతుంది.

ఈ సదుపాయాలన్నీ ఒక్క రోజులో రాలేదు. గీసిన చుక్కలను ఎంచుకుని జరిపే వీలు 2015 జనవరిలో 2.73 వెర్షన్‌తో వచ్చింది. స్పెయిన్ యానిమేటర్ డానియెల్ మార్టినెజ్ లారా లాంటివాళ్లు నోట్స్ పెన్సిల్‌తో ఏకంగా బొమ్మలు ఆడించడం మొదలుపెట్టారు. బ్లెండర్ 2002 నుంచి ఓపెన్ సోర్స్ కాబట్టి కావలసింది అడిగి ఊరుకోకుండా తామే చేర్చుకునే వీలుంది. అలా ఆంటోనియో వాజ్‌క్వెజ్ వంటి ప్రోగ్రామర్లు చేతులు కలిపారు. 2018లో లారా 'హీరో' అనే చిట్టి చిత్రం తీసి దీని సత్తా చూపించాడు. 2019 జులైలో వచ్చిన 2.80లో గ్రీజ్ పెన్సిల్‌కు సొంత స్థానం దక్కింది, నోట్స్ రాసే పని ఆనొటేషన్ అనే వేరే పనిముట్టుకు పోయింది. అదే ఏడాది జెరెమీ క్లాపాన్ ఫ్రెంచి సినిమా 'ఐ లాస్ట్ మై బాడీ' కాన్స్ క్రిటిక్స్ వీక్‌లో గ్రాండ్ ప్రైజ్ గెలిచింది, తర్వాత ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. తెగిపడిన ఒక చెయ్యి తన శరీరాన్ని వెతుక్కుంటూ పోయే కథ అది. బ్లెండర్‌లో త్రీడీగా ఆడించి, దాని మీద గ్రీజ్ పెన్సిల్‌తో గీతలు గీశారు. చేతి కథకు చేతి గీత బాగా కుదిరింది.

2024 నవంబరులో వచ్చిన 4.3 వెర్షన్ కోసం గ్రీజ్ పెన్సిల్‌ను లోపలి నుంచి తిరగరాశారు. వేల గీతలున్న బొమ్మను కూడా తడబడకుండా మోయాలని చుక్కలను భద్రపరిచే పద్ధతినే మార్చేశారు. పాత స్క్రిప్టులు కొన్ని పనిచేయక జనం విసుక్కున్న మాట నిజమే, కానీ ఆ మార్పు తప్పనిదే.

బ్లెండర్ ఉచితం. తెరిచి, కొత్త ఫైలు కింద 2డి యానిమేషన్ ఎంచుకుని ఒక గీత గీయండి. టాబ్ నొక్కితే దాని చుక్కలు కనిపిస్తాయి. మౌస్‌తోనైనా గీయొచ్చు, కాకపోతే మౌస్‌కు ఒత్తిడి తెలియదు కనుక గీతంతా ఒకే లావున వస్తుంది, ఆ తేడా తర్వాత దిద్దుకోవచ్చు.